తూకం తప్పని మూట

"బియ్యం తడిసింది కలశం కదిలితేనే. కలశం కదిలింది చెయ్యి తగిలితేనే. ఆ పొద్దు పూజగదిలో తిరిగింది మనిద్దరమే. నా చెయ్యి తగల్లేదు."

"అత్తా, నేను లోపలికే పోలేదు. మూట మీరే తూచి, మీరే తెచ్చి నా చేతిలో పెట్టినారు. శనివారం నుంచి ఇదే పాట. ఇంకెన్నిసార్లు చెప్పాల?"

"అయితే నీళ్ళు వాటంతట అవే పొర్లినాయా? ముక్కిపోయిన వాసన వస్తాంది ఆ బియ్యం."

"పొర్లినాయేమో, నాకు తెలీదు. చెయ్యని పనికి సారీ చెప్పేదానికి నేను లేను."

చింతాద్రిపేటలో కూవం నది వైపు దిగే సందులో ఉన్న ఆ ఇంటి గడప ముందు, కాలింగ్ బెల్ నొక్కబోయిన దొరస్వామి చేతిని వాసంతి మెల్లగా ఆపింది.

"ఉండన్నా. మనకోసం సర్దుకోక ముందు మాట్లాడే మాటలు రెండు విననీ."

దొరస్వామి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. వాసంతి చాలాకాలం ఇన్సూరెన్స్ సర్వేయరుగా కాలిన గోడౌన్లూ తడిసిన సరుకులూ చూసి, ఆ ఉద్యోగం వదిలి, జార్జి టౌన్‌లో ఓ మేడమీద గది తీసుకుని సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకుంది. ఆమె తుమ్మినా అందులో ఏదో సంగతి ఉంటుందని దొరస్వామి నమ్మకం. ఇప్పుడు కూడా తడి బియ్యంలో ఏముందా అని తల గోక్కుంటూ నిలబడ్డాడు.

తలుపు తీసింది మధుమిత. ఫోన్ చేసి రమ్మన్నది ఆమే. ఓ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఆదివారాల్లో రైఫిల్ క్లబ్బుకు వెళ్ళి, ఎనిమిది వందల మీటర్ల దూరంలో ఉన్న కాగితం మీద సున్నా చుట్టినంత చోట తూటాలు దించుతుంది. ముఖంలో ఏడ్చిన జాడ లేదు. నిద్రలేని జాడ మాత్రం ఉంది.

హాల్లో కూర్చున్నాక ఆమె సూటిగా మొదలుపెట్టింది.

"మా క్లబ్బు ఎన్నూరు దాటాక కయ్య పక్కన, ఆ ఉప్పునీటి పాయ ఒడ్డున ఉంది. మా తూటాల్లోని సీసం కయ్యలో కలుస్తోందని ఆడ చేపలు పట్టే వాళ్ళు ఫిర్యాదు చేసినారు. న్యాయమే. క్లబ్బులో పోట్లాడి సీసం మాన్పించింది నేనే. ఇప్పుడు అచ్చం రాగి బుల్లెట్లే వాడాల. తూటాలు కట్టకముందు క్లబ్బులో తుపాకులు చూసుకునే ఆర్మరర్ ఒక బుల్లెట్‌ను కోసి చూస్తాడు. శనివారం నా మూట విప్పి కోసినాడు. లోపల సీసం."

"అచ్చం రాగివే కొన్నారా?"

"నెలల తరబడి చూసి ఎంచుకున్నవి. యాభై నా చేత్తో లెక్కపెట్టి పసుపు గుడ్డలో పోసినా. ముడి వేసింది అత్త."

పూజగది గుమ్మంలో నిలబడ్డ అత్తగారు కస్తూరి వెంటనే అందుకుంది. "వేసినా. లేదని ఎవరన్నారు? రాగి అని చెప్పింది గాబట్టే శుక్రవారం సామి ముందర పెట్టనిచ్చినా. సీసం శనిది. మా ఇంట్లో గడప తొక్కనీయం. ముందరొకసారి సీసం గుండ్లు ఒక డబ్బాడు తెచ్చింది. ఆ పొద్దే ఈయనకిచ్చి కొట్టుకు పంపించేస్తి."

"ఈయన" అంటే వరదయ్య. ఆ ఇంటి పెద్ద. కిటికీ పక్కన వాలుకుర్చీలో కూర్చుని, చేతిలోని రాగి సీసా మూత తిప్పి ఓ గుక్క తాగాడు. బయటికి వెళ్ళినా ఆ సీసా ఆయన వెంటే ఉంటుంది. జార్జి టౌన్‌లో వాళ్ళ రాగి, ఇత్తడి సామాన్ల కొట్టు మూడు తరాలది.

"పాతసామాను గంపలో పడేసినా," అన్నాడాయన. "ఆపైన ఎవరు తీసినారో నాకేం తెలుసమ్మా."

"నన్ను చూస్తావేంది నాయనా?" పెద్దకొడుకు జయప్రకాష్ విసుక్కున్నాడు. ఇప్పుడు కొట్టు నడిపేది అతనే. "ఆ గంప జోలికి నేను పోను. మేడం, ఉన్నమాట చెప్తా. ఇంటి కోడలికి తుపాకీ ఏమిటికని మొదటినుంచీ అడుగుతాండేది నేనే. కానీ దొంగతనంగా మూట మార్చేంత ఓపిక నాకు ల్యా. ఎదురుగ్గానే అరుస్తా."

"అది నిజమే బావా," అంది మధుమిత. "మీరు అరిస్తే కూవం అవతల వినిపిస్తుంది."

ఆమె భర్త ముఖేష్ ల్యాప్‌టాప్ మూసి మెల్లగా అన్నాడు. "వదిలేయి మధూ. ఆదివారం కమిటీ ముందర ఒక సారీ చెప్పి వచ్చేస్తే పోలా? ఒక ఆటే గదా?"

"చెప్తే ఏమవుతుందో నీకు తెలీదా? మోసం చేసిందని రాస్తారు. సెలెక్షన్ పోతుంది, లైసెన్స్ పోతుంది. అంతటితో అయిపోతుందా?" మధుమిత వాసంతి వైపు తిరిగింది. "క్లబ్బు సీసం మానేసినాక కూడా కయ్య బురదలో సీసం పెరుగుతానే ఉంది. మా స్టూడెంట్స్‌తో కలిసి నేనే టెస్ట్ చేసినా. ఆ చుట్టుపక్కల ఎవరో సీసం కరిగిస్తున్నారు. సోమవారం ప్రభుత్వ విచారణ. ఆడ సాక్ష్యం చెప్పాల్సింది నేను. సీసం వద్దన్న మనిషే సీసంతో దొరికిపోయిందంటే నా మాట ఎవరు వింటారు? ఆడ పిల్లకాయలు ఆ నీళ్ళలోనే ఈదుతారు మేడం."

వాసంతి కస్తూరి వైపు చూసింది. "ఆ మూట రాత్రి ఎవరూ ముట్టలేదని మీకెట్లా తెలుసమ్మా?"

"తూచినాను గదా!"

అది ఆ ఇంటి ఆనవాయితీ. సామి ముందు ఏ లోహం పెట్టినా తూచి పెడతారు, తూచి తీస్తారు. పెట్టేటప్పుడు వేసిన తూకపు రాళ్ళను తీసేదాకా కదిలించరు. ఆ గొడవ తేలలేదు కాబట్టి ఆ రాళ్ళు ఇంకా ఓ పళ్ళెంలో అలాగే ఉన్నాయి.

"శుక్రవారం సాయంత్రం ముల్లు నిటారుగా నిలబడింది. శనివారం పొద్దునా అట్టే నిలబడింది. వెంట్రుకవాసి తేడా ల్యా. అంటే శుక్రవారం ఏముండిందో శనివారమూ అదే. సీసం ఉండిందంటే మొదటినుంచీ ఉండాది." చివరి మాట అంటూ ఆమె కోడలి వైపు చూడలేదు.

మధుమిత పెదవి బిగించింది. అత్తగారు అబద్ధం చెప్పే మనిషి కాదని ఆమెకు తెలుసు. ఆ నిజమే ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకుంది.

"ఎట్లా తూస్తారో ఒకసారి చూపించండి," అంది వాసంతి.

కస్తూరి గోడకు వేలాడుతున్న త్రాసు తీసి, ఒక తట్టలో పావుకిలో రాయి, రెండో తట్టలో పసుపుకొమ్ములు వేసింది. ముల్లు ఓ పిసరు పక్కకు వాలింది. వరదయ్య కుర్చీలోంచి లేచి వచ్చి, జేబులోంచి చిన్న రాగి తీగ ముక్క తీసి తేలిగ్గా ఉన్న తట్టలో వేశాడు. ముల్లు నిటారుగా నిలబడింది. ఆయన తృప్తిగా వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

"చూడండి," జయప్రకాష్ నవ్వాడు. "గ్రాము తేడా ఉంటే నాయనకు అన్నం దిగదు. కొట్లో నేను ఎలక్ట్రానిక్ కాటా పెట్టినాక ఆయన చేతులకు పని ల్యా. త్రాసు ఎట్ట పట్టుకోవాల్నో కూడా నాకు తెలీదు. ముఖేష్ అయితే కొట్టు మెట్టే ఎక్కలా."

వాసంతి పూజగదిలోకి తొంగి చూసింది. రాగి కలశం, పైన కొబ్బరికాయ, కింద బియ్యం పోసిన పళ్ళెం. బియ్యం ఒక పక్క ముద్దకట్టి పసుపుపచ్చగా మారింది.

"కలశంలో నీళ్ళు ఎప్పుడు మారుస్తారమ్మా?"

"అమావాస్యకు. అంతవరకు కదిలించం."

"బియ్యం తడిసింది ఎప్పుడు చూశారు?"

"శనివారం పొద్దున. మూట తీసేటప్పుడే."

బయటికి వచ్చాక దొరస్వామి అన్నాడు. "అమ్మా, నాకు పెద్దోడి మీద డౌటు. పాతసామాను గంప అతని కొట్లోదే గదా."

"అరిచేవాడి మీద డౌటు పెట్టుకోవడం సులువన్నా. నువ్వు రేపు ఎన్నూరుకు పో. ఆ కయ్య దగ్గర సీసం ఎవరు కరిగిస్తున్నారో కనుక్కో. పోలీసులా అడక్కు."

"మరి ఎట్ట అడగాలమ్మా?"

"చేపలు కొంటూ అడుగు."

మర్నాడు వాసంతి మధుమితతో కలిసి క్లబ్బుకు వెళ్ళింది. లారీల దుమ్ము, పవర్ స్టేషన్ పొగ దాటాక ఉప్పుగాలి తగిలింది. ఆర్మరర్ అంతోని తన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. మూట ఉంచి కమిటీ సీలు వేసిన సంచీని ముట్టుకోనివ్వనని ముందే చెప్పేశాడు.

"ముట్టుకోనులే అన్నా. చూసింది చెప్పు. ముడి ఎట్లా ఉంది?"

"గట్టిగా ఉండె. కొట్లల్లో మూటలకేసే కొట్టు ముడి. ఈ అమ్మ ప్రతిసారీ తెచ్చేదే. అందరి ముందరే విప్పినా."

"లోపల ఎన్ని ఉన్నాయి?"

"నలభై నాలుగు. అప్పుడే కమిటీ ముందర లెక్కపెట్టినా. ఈమె యాభై అంటాంది. ఆరు ముందే కాల్చి చూసుకొని ఉంటుందని సార్లు అన్నారు."

"నేను కాల్చలేదు," మధుమిత గొంతు లేచింది.

"నేను అన్లేదుమా, వాళ్ళన్నారు," అంతోని నొచ్చుకున్నాడు.

"బుల్లెట్లు కాక ఇంకేమైనా ఉందా గుడ్డలో?"

అంతోని ఆలోచించాడు. "చెత్త. చిటికెన వేలంత రాగి తీగ ముక్క. అదీ సంచీలోనే వేసినా. దొరికిందంతా వెయ్యాల గదా."

వాసంతి తల ఊపి మధుమిత వైపు తిరిగింది. "ఇప్పుడు నాకు పాఠం చెప్పండి. అంగట్లో ఇన్ని రకాలుంటే మీరు ఎంచుకున్నవి అవే ఎందుకు?"

మధుమిత ముఖం మొదటిసారి విప్పారింది. బల్ల సొరుగులోంచి రెండు బుల్లెట్లు తీసి పక్కపక్కన నిలబెట్టింది. ఒకటి ఆమె పాత సీసం రకం, పైన రాగి తొడుగు. రెండోది అచ్చం రాగిని లేత్ మీద తిప్పి చేసింది, నడుముకు సన్నని గాడులతో.

"అందరూ బరువైనది కొనమన్నారు. ఈడ సముద్రపు గాలి ఎక్కువ, బరువుంటే పక్కకు పోదని. సీసానికైతే అది సరే. రాగి సీసం కంటే తేలిక. అంతే బరువు రాగిలో కావాలంటే బుల్లెట్ పొడుగు పెరుగుతుంది. నా తుపాకీ గొట్టంలో మెలిక గాడులు తక్కువ. బుల్లెట్‌ను బొంగరంలా తిప్పేది అవే. పొడుగు బొంగరాన్ని నిలబెట్టాలంటే ఇంకా వేగంగా తిప్పాల. ఆ తిప్పు నా గొట్టం ఇయ్యలేదు. బుల్లెట్ దారిలో తూలి, కాగితానికి అడ్డంగా తగుల్తుంది. అందుకే బరువు తగ్గించి, పొడుగు సరిపోయేది తీసుకున్నా. కోచ్ నవ్వినాడు. నవ్వనీ అనుకున్నా. గొట్టంలో పాత తొడుగుల మురికి మొత్తం తుడిచి కాల్చి చూసినాక ఆయన నవ్వు ఆగింది."

వాసంతి రెండింటినీ చెరో అరచేతిలో పెట్టుకుంది. ఎత్తు దాదాపు ఒక్కటే. గుడ్డలో కడితే ఎవరూ తేడా చెప్పలేరు. కానీ సీసంది స్పష్టంగా బరువు.

"అంటే మీ పాతవి ఒక్కొక్కటీ కొత్తవాటికంటే బరువు."

"అవును. అందుకే తూకం సరిపోయిందని అత్త అంటే నాకు పిచ్చెక్కుతోంది."

"మీ అత్తగారు చెప్పింది నిజం. మీరు చెప్పిందీ నిజం," అంది వాసంతి. "శనివారం సాయంత్రం మీ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టండి. అంతోనీ, కమిటీ వాళ్ళను ఒప్పించి ఆ సంచీ తీసుకుని నువ్వూ రా."

ఆ సాయంత్రం దొరస్వామి ఓ కవరునిండా చేపలతో ఆఫీసుకు వచ్చాడు. వాసంతి కిటికీలు తెరిచింది.

"మునెమ్మ అని ఒకామె దొరికిందమ్మా. ఫిర్యాదు పెట్టినోళ్ళలో ఆమే ముందర. కయ్య వెనకాల రేకుల షెడ్డు ఉందంట. పాత బ్యాటరీలు లారీల్లో వస్తాయి, పగలగొట్టి సీసం కరగబెడతారు. ఓనరు ఎవరో పేరు తెలీదు. ఎప్పుడైనా ఒక పెద్దాయన కారులో వస్తాడంట, మరియాదగా మాట్లాడతాడంట."

"ఇంకా?"

"ఒకసారి ఎండలో వచ్చినాడని ఆమె చెంబుతో నీళ్ళిస్తే వద్దన్నాడంట. ఈడ నీళ్ళు తాగనమ్మా అని తన సొంత నీళ్ళే తాగినాడంట. అది ఆమెకు ఇప్పటికీ గుచ్చుకుంటాంది. కులం చూసినాడేమో అనుకున్నా, అంటాంది."

వాసంతి చేపల కవరును బల్ల చివరికి జరిపింది. తర్వాత అంది. "కులం కాదన్నా. అంతకంటే పాడు కారణం."

శనివారం హాల్లో అందరూ చేరారు. వరదయ్య వాలుకుర్చీలో, జయప్రకాష్ గోడకానుకుని, ముఖేష్ భార్య పక్కన. అంతోని సంచీ సీలు తీసి పసుపు మూటను బల్ల మీద పెట్టాడు. వాసంతి నిలబడే ఉంది.

"అమ్మా, ఆ పళ్ళెంలో రాళ్ళతో ఈ మూట తూచండి. అంతోని కోసిన బుల్లెట్ ముక్కలు కూడా అందులోనే ఉన్నాయి."

కస్తూరి తూచింది. ముల్లు నిటారుగా నిలబడింది.

"చూసినారా!" అంది ఆమె. ఆ గెలుపు ఆమెకే రుచించలేదు.

"చూశాం. ఇప్పుడు ఇది తీస్తాను." వాసంతి మూట విప్పి రాగి తీగ ముక్కను బయటికి తీసింది. ముల్లు పక్కకు వాలింది. "మధుమితా, లెక్కపెట్టండి."

"కోసిందానితో కలిపి నలభై నాలుగు."

"రాగివి యాభై ఎంత తూగుతాయో, సీసంవి నలభై నాలుగూ ఈ తీగ ముక్కా కలిసి అంతే తూగుతాయి. తుపాకీ కాల్చే మనిషి బుల్లెట్లు లెక్కపెడుతుంది. లోహం అమ్మే మనిషి లెక్కపెట్టడు, తూస్తాడు. క్లబ్బువాళ్ళెవరైనా మార్చి ఉంటే యాభైకి యాభై పెట్టేవాళ్ళు. ఈ ఇంట్లో పొద్దున మళ్ళీ తూస్తారని వాళ్ళకు తెలియదు. అది తెలిసి, ఆ కొట్టు ముడి మళ్ళీ అట్లాగే వేయగలిగిన మనిషి ఈ ఇంటి మనిషే."

జయప్రకాష్ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. "మళ్ళీ నా మీదికే వస్తాండారా?"

"లేదు. మీరు కాటా మీద తూస్తారు. అంకె కాస్త అటూ ఇటూ ఉంటే మీకు పట్టదు. ముల్లు పిసరంత వాలినా చూడలేక తీగ ముక్క వేసే చెయ్యి త్రాసుకు అలవాటైన చెయ్యి. ముఖేష్‌గారికి కొట్టే తెలియదు. ఈ ఇంట్లో త్రాసు పట్టేవాళ్ళు ఇద్దరే. అందులో కస్తూరమ్మ సీసాన్ని వేలితో కూడా ముట్టరు."

ఎవరూ వాలుకుర్చీ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికే అందరికీ కష్టంగా ఉంది.

"నాయన దగ్గర రాగి తీగ ఉంటే తప్పా?" జయప్రకాష్ గొంతు తగ్గింది. "అయినా ఆ రాగి గుండ్లు యాడ పోయినాయి?"

"అది చెప్పింది బియ్యం. సర్వేయరుగా తడిసిన సరుకు చాలా చూశాను. ఎక్కడినుంచి తడిసిందో తేలితే సగం కేసు తేలుతుంది. కలశం కదిలి నీళ్ళు చిమ్మితే పసుపు మరకలు నేల మీద కూడా పడాలి. పడలేదు. నీళ్ళు అంచుదాకా లేచి, మెల్లగా ఒక పక్క కారాయి. అంటే లోపల ఏదో చేరింది. పక్కనే కూవం ఉంది, విసిరేస్తే పోయేది. కానీ రాగిని పారేసే చెయ్యి కాదది. కొట్టుకు తీసుకుపోతే పెద్దకొడుకు చూస్తాడు. అమావాస్య దాకా ఎవరూ చెయ్యిపెట్టని చోటు ఈ ఇంట్లో ఒకటే ఉంది. అమ్మా, ఆ కలశం మీరే తీయండి."

"అమావాస్య కాకుండానా?" కస్తూరి గొణిగింది. కానీ కోడలి ముఖం చూసి లోపలికి నడిచింది. కొబ్బరికాయ తీసి పక్కన పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఆ చెయ్యి మణికట్టు దాకా వెళ్ళకుండానే ఆగిపోయింది. గుప్పిటతో బయటికి తీసినప్పుడు వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అరచేతిలో గాడులు తిరిగిన రాగి బుల్లెట్లు.

"సీసం గుండ్లు కొట్టుకు పంపించేయమని మీ చేతికే కదండీ ఇచ్చింది," అంది ఆమె భర్తతో. అడిగినట్టు లేదు.

వరదయ్య రాగి సీసా మూత తిప్పబోయి ఆగాడు.

"ఎందుకు మామా?" మధుమిత లేచింది. "బావ అరిచినప్పుడల్లా ఆయనను ఊరుకోమన్నది మీరు. నా లైసెన్స్ కాగితాల మీద సంతకం పెట్టింది మీరు."

"ఎందుకో ఆ సీసా చెప్తుంది," అంది వాసంతి. "ఎన్నూరు కయ్య వెనక రేకుల షెడ్డుకు ఓ పెద్దాయన వస్తాడు. మునెమ్మ ఇచ్చిన నీళ్ళు తాగడు, తన నీళ్ళు తనే తెచ్చుకుంటాడు. ఆ నీళ్ళలో ఏముందో తెలిసినవాడు కాబట్టి."

జయప్రకాష్ నోరు తెరిచాడు. "నాయనా, ఆ షెడ్డు ఎవురికో బాడుగకిచ్చినానని గదా చెప్పినావు?"

వరదయ్య గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులో భయం కంటే అలసట ఎక్కువగా ఉంది.

"రాగి అమ్మి ఈ ఇల్లు నడిచి ఎన్నాళ్ళయిందనుకుంటాండారు? జనం స్టీలుకు పోయినారు. కొట్టు మూస్తే వరదయ్య కొట్టు మూసినాడంటారని ఆ షెడ్డు పెట్టినా. మధూ, నీ మీద నాకు కోపం ల్యా. సోమవారం నీ మాట చెల్లకుండా పోతే చాలనుకున్నా. ఆపైన నిదానంగా షెడ్డు ఎత్తేద్దామని."

"ఎత్తేసేదాకా ఆ పిల్లకాయలు ఏం తాగాల మామా?"

ఆయన సీసాను కుర్చీ పక్కన పెట్టాడు. వేరే మాట ఎత్తుకున్నాడు. "ఇంటి సంగతి బయటికి పోగూడదు. గుండ్లు దొరికినాయి గదా. రేపు అంతోని, మూటలు కలిసిపోయినాయి, నాదే పొరపాటు అని ఒక మాట చెప్తే అందరూ బాగుంటాం."

అంతోని ఉలిక్కిపడ్డాడు. "అయ్యో సామీ, నా ఉద్యోగం!"

"చెప్పడు," అంది మధుమిత. "నేను చెప్పనియ్యను. చెయ్యని తప్పుకు నేనే సారీ చెప్పలేదు, ఆయనేమిటికి చెప్తాడు?"

ముఖేష్ భార్య చెయ్యి పట్టుకోబోయాడు. "మధూ, నాయన వయసు..."

"నీ నాయన వయసు నాకు తెలుసు ముఖేష్. ఆడ ఆ పిల్లకాయల వయసు నీకు తెలుసా?"

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జయప్రకాష్ అరవలేదు. దొరస్వామి వాసంతి వైపు చూశాడు. ఆమె తన సంచీ భుజానికి తగిలించుకుంది. ఇక మాట్లాడాల్సింది ఆమె కాదు.

కస్తూరి నేల మీద కూర్చుని కలశాన్ని పళ్ళెంలో వంచింది. బుల్లెట్లను ఒక్కొక్కటే పైటకొంగుతో తుడిచి, కొత్త పసుపు గుడ్డ మీద పెట్టసాగింది. త్రాసు పక్కనే ఉంది. ఆమె దాన్ని ముట్టలేదు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. యాభై అయ్యాక ముడి వేసి, మూటను కోడలి ఒళ్ళో ఉంచింది.

"నీళ్ళు పొర్లింది నీవల్ల కాదు," అంది.

తర్వాత అందరికీ వినబడేలా, గొంతు పెంచకుండా చెప్పింది.

"రేపు క్లబ్బుకు నేనూ వస్తాండా. మూట కట్టింది నేను, తూకం సరిపోయిందని చెప్పింది నేను. అది ఎట్ట సరిపోయిందో కమిటీ ముందర చెప్పేదీ నేనే. సోమవారం ఎన్నూరుకు ఇంటిల్లిపాదీ పోతాండాం. మధు సాక్ష్యం చెప్తుంది. నేను ఆ మునెమ్మ పక్కన కూర్చుంటా." ఆమె భర్త వైపు తిరిగింది. "మీరు సీసా తేవద్దండి. ఆడ వాళ్ళు ఏ నీళ్ళిస్తే అవే తాగుదాం."